పులిస్వారి యుపమ: ఒక లేఖా విమర్శనము

కావ్యములను, నాటకములను, నవలలను విమర్శించుటకే మాసపత్రికలలో చోటు చాలకుండగా, ఒక వ్యాపారసంస్థాధిపతి వ్రాసిన రాజీనామా లేఖను గూర్చి యిన్ని పుటలు నింపుట యేల యని పాఠకులు శంకింపవచ్చును. ఆ లేఖ 2009 జనవరి 7వ తేదీని, హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షులు బి. రామలింగరాజుగారు తమ పాలకవర్గమునకు ఆంగ్లమున వ్రాసినది. ముందటి దినమున 179 రూపాయల ప్రాంతమున నుండిన ఆ కంపెనీ షేరు, లేఖ వెలువడిన నాటి సాయంకాలమునకు 40 రూపాయలకు పడిపోయెను. మన కాలమున తెలుగువారు వ్రాసిన గద్యములలో ఒక్క దినమున నింతటి ఫలితమును గలిగించినది మఱియొకటి మాకు గానరాదు. విచారణాధికారులు దానిని సాక్ష్యముగా చదివిరి. వార్తాపత్రికలు సంచలనముగా చదివినవి. దానిని రచనగా, అనగా క్రియకు కర్తను, ఉపమేయమునకు ఉపమానమును సరిచూచుకొనుచు చదివినవారు అరుదు.

అట్లు చదువుట యావశ్యకమని మా యభిప్రాయము. ఏలనన, నేటికిని మన యిండ్లలో ఆ ప్రసంగము వచ్చినపుడు పెద్దలు చెప్పు మాటలు మూడు: ఆయన తనకొఱకు రూపాయియైనను తీసికొనలేదనియు, వ్యవహారము చేయి దాటి పోయినదనియు, అన్ని వేలమందికి అన్నము పెట్టినవాడనియు. ఈ మూడు మాటలకును మూలము ఆ లేఖయే. న్యాయస్థానమున నిలువజాలని వాదము మన వసారాలలో నిలిచియున్నది. అది నిలువదగినదా కాదా యని విచారించుటయే మా పని.

ముందుగా పూర్వకథ. సత్యం సంస్థ 1987లో స్థాపింపబడినది. 1992లో ప్రజలకు షేర్లు విక్రయించినది. 2001లో న్యూయార్కు షేరుబజారున గూడ నమోదైనది. 2008 నాటికి తన కొలువున 53,000 మంది యున్నారని చెప్పుకొనుచుండెను. మన పట్టణములలో ఇంజనీరింగు చదివిన పిల్లవానికి అందు ఉద్యోగము దొరకుట ఆ వంశమునకే గౌరవముగా నెంచబడుచుండెను. 2008 సెప్టెంబరులో ఉత్తమ సంస్థాపరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ అను అంతర్జాతీయ పురస్కారము దానికి లభించెను. ఇచ్చినవారే పిదప దానిని ఉపసంహరించుకొనిరి. అదే సంవత్సరము డిసెంబరు 16వ తేదీని, అధ్యక్షుల కుటుంబమునకు సంబంధించిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగను, మేటాస్ ఇన్‌ఫ్రాలో సగమునకు మించిన భాగమును, మొత్తము 160 కోట్ల డాలర్లకు కొనుటకు పాలకవర్గము తీర్మానించెను. సత్యం అను పేరును ఆంగ్లాక్షరములలో వెనుకనుండి చదివినచో మేటాస్ అగును. కల్పితకథలో నిట్టి పేరు పెట్టినచో, ఇంత బాహాటముగా సూచింపవలెనా యని విమర్శకులు కవిని మందలించి యుందురు. వాటాదారులు మండిపడగా కొన్ని గంటలలోనే ఆ తీర్మానము వెనుకకు తీసికొనబడెను. మూడు వారములు గడచిన పిమ్మట ఈ లేఖ వచ్చెను.

లేఖలో మొదట వచ్చునవి అంకెలు. ఈ భాగమును మేము మెచ్చుకొందుము. ఇందు విశేషణములు లేవు, అలంకారములు లేవు. 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకి నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందు 5,040 కోట్లు లేనివి. రావలసియున్నదని వ్రాసిన వడ్డీ 376 కోట్లు, అదియు లేదు. పుస్తకములలో తక్కువగా చూపిన ఋణము 1,230 కోట్లు. రావలసిన బాకీలలో 490 కోట్లు అధికముగా చూపబడినవి. ఈ నాలుగును కలిపిన 7,136 కోట్లగును. నిల్వ యని వ్రాసిన ప్రతి నూఱు రూపాయలలోను తొంబదినాలుగు రూపాయలు కాగితము మీదనే యుండెనన్నమాట.

మఱియొక జత అంకెలను గూడ గమనింపవలెను. ఆ మూడు నెలల రాబడి 2,700 కోట్లని చూపబడెను. నిజముగా వచ్చినది 2,112 కోట్లని లేఖ చెప్పుచున్నది. నిర్వహణలాభము 649 కోట్లని చూపబడెను. నిజము 61 కోట్లు. పాఠకులు తీసివేత చేసి చూతురు గాక: రెండింటను భేదము 588 కోట్లే. ఈ సామ్యము యాదృచ్ఛికము కాదు. నిజమైన రాబడి కావలెనన్న జీతము లీయవలెను, అద్దెలు కట్టవలెను, రాత్రులు మేల్కొని పని చేయవలెను. కల్పించిన రాబడికి ఖర్చు లేదు. కావున నది రూపాయి చెడకుండ లాభముగా మాఱును. ఆ లాభమెక్కడ నున్నదని యడుగువారికి బ్యాంకిలో నున్నదని చెప్పవలెను. బ్యాంకిలో నుండినచో వడ్డీ రావలెను. కనుక లేని అసలునకు లేని వడ్డీ కట్టి వ్రాయవలెను. చిట్టా, ఆవర్జా వ్రాసిన ప్రతి గుమాస్తాయు నీ చిక్కు నెఱుగును: ఒక పద్దు అబద్ధమైనచో దానికి జోడుగా రెండవ పద్దు అబద్ధము కాక తప్పదు.

అంకెలు ముగిసి కథనము మొదలైన చోట లేఖయొక్క వ్యాకరణము మాఱును. నిజమైన లాభమునకును పుస్తకములలోని లాభమునకును నడుమ మొదట నొక స్వల్పమైన యంతర ముండెననియు, అది యేండ్లు గడచినకొలది పెరిగెననియు, సంస్థ పెద్దదగుటతో అది చక్కబెట్టరాని పరిమాణమును బొందెననియు జెప్పబడినది. ఇచ్చట కర్త యెవరు? అంతరము. క్రియ యేది? పెరుగుట. చెట్టు పెరుగును, బిడ్డ పెరుగును, వానకాలమున పెన్న పెరుగును. ఇవి అకర్మకక్రియలు, వీనికి వేఱొకరి చేయి యక్కఱలేదు. ఆవర్జాలోని అంకె యట్టిది కాదు. ప్రతి మూడు నెలలకు నొకమాఱు ఎవరో కూర్చుండి జరుగని పనులకు ఇన్వాయిసులు వేలకొలది సృష్టింపవలెను. లేని డిపాజిట్లకు పత్రములు కల్పింపవలెను. తుదకు లెక్క నిజమని సంతకము చేయవలెను. సంవత్సరమునకు నాలుగు మాఱులు, సంవత్సరముల తరబడి జరిగిన పని యిది. “పెంచితిమి” అని యుండవలసిన చోట “పెరిగెను” అని వ్రాసినపుడు వాక్యము తప్పు కాలేదు, కర్త తప్పించుకొనెను. పలక పగిలినదని చెప్పిన పిల్లవానిని ఎవరు పగులగొట్టిరని యడుగని ఉపాధ్యాయుడు లేడు. ఆ ప్రశ్నను పిల్లవానికే గాక పెద్దవానికిని వేయవలసియున్నది.

ఇక లేఖయందలి ప్రసిద్ధమైన యుపమ. ఈ వ్యవహారము పులిపై స్వారి చేయుట వంటిదనియు, దానికి ఆహారము గాకుండ దిగు మార్గము తెలియలేదనియు అందు చెప్పబడినది. లోకము అంకెలన్నింటిని మఱచి దీనిని మాత్రమే జ్ఞప్తియందుంచుకొన్నది. ఉపమకు గల శక్తి యట్టిది. ఆలంకారికులు ఉపమకు నాలుగంగములు చెప్పుదురు: ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము. వీనిలో ప్రాణము సాధారణధర్మము. అది కుదురనిచో ఉపమ యెంత రమ్యమైనను సదోషమే.

ఇందు కుదురనివి మూడు. పులి స్వతంత్రప్రాణి, రౌతు నిద్రించినను అది పరుగెత్తును. అబద్ధపు లెక్క రౌతు చేతి గ్రాసము లేనిదే మూడు నెలలైనను బ్రదుకదు. ఇది మొదటి దోషము. పులి తినబోవునది రౌతును మాత్రమే. ఇచ్చట పులివాత బడినవారు స్వారి చేసినవారు కారు, బిడ్డ పెండ్లికని షేర్లు కొని దాచుకొన్నవారు, నెల జీతముపై నప్పు తీసి యిల్లు కట్టుకొన్నవారు. ఇది రెండవది. ఈ యుపమ దిగుటను గూర్చియే మాటాడును గాని, ఎక్కుటను గూర్చి మాటాడదు. ఎక్కినది యెవరు? ఎవరు ఎక్కుమనిరి? ఏ దినమున? ఈ ప్రశ్నలు పుట్టకుండ చేయుటయే ఇందలి కౌశలము. ఇది మూడవదియు ముఖ్యమైనదియు నగు దోషము. చదువరి మనస్సు రౌతు ప్రాణమునకై తల్లడిల్లుచుండగా, పులిని పెంచినవాడు రౌతే యను సంగతి మరుగున పడినది.

తరువాత జరిగిన కథయే యీ యుపమకు సమాధానము చెప్పినది. లేఖ వచ్చిన రెండు దినములకే ప్రభుత్వము పాత పాలకవర్గమును తొలగించి క్రొత్తవారిని నియమింప మొదలిడెను. నిజమైన లెక్కలు తేల్చు పని యారంభమయ్యెను. 2009 ఏప్రిలులో వేలమున టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టెను. 2013లో నది అందు విలీనమయ్యెను. కష్టములు రాకపోలేదు, వేలమంది ఉద్యోగులు ఏండ్లకొలది భయమున గడపిరి. కాని సంస్థ చావలేదు. అందలి ఇంజనీర్ల పని నిజము, వారిని నమ్మిన దేశాంతరపు గిరాకీదారులు నిజము, ఆ మూడు నెలలలో వచ్చిన వేల కోట్ల రాబడి నిజము. దిగిన పిదప తెలిసిన దేమనగా, రౌతును తినుటకు పొంచియున్నది సంస్థ కాదు, అబద్ధమే. స్వల్పలాభమును స్వల్పలాభమని చెప్పుకొని బ్రదుకగల సంస్థను అధికలాభపు కీర్తికొఱకు బలిపెట్ట సిద్ధపడుట యెందులకు? యజమానుల వాటా తక్కువగుటచే, లాభము తగ్గినదని తెలిసినచో ఇతరులు సంస్థను వశపఱచుకొందురనియు, అప్పుడు లోపము బయటపడుననియు భయమని లేఖయే చెప్పుచున్నది. అనగా కాపాడబడినది సంస్థ కాదు, పీఠము.

తానుగాని, తన సోదరుడగు మేనేజింగు డైరెక్టరుగాని సంస్థనుండి రూపాయియైనను తీసికొనలేదని లేఖ నొక్కి చెప్పుచున్నది. మన యిండ్లలో గెలిచిన వాక్యమిదియే. పెట్టె పగులగొట్టి నగదు తీయుట మాత్రమే దొంగతనమని మన భావన యగుటచే నిది గెలిచినది. ధాన్యపు బస్తాలో పైన మేలిగింజలు పోసి క్రింద తాలు నింపి అమ్మినవాడు కొనువాని జేబులో చేయి పెట్టలేదు. ఐనను ధర తీసికొన్నాడు. లాభమున్నదని చూపిన దినములలో షేరునకు వచ్చిన ధర యట్టి ధరయే. ఆ ధరకు షేర్లు అమ్ముకొన్న వారికిని, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకొన్న వారికిని కలిగిన లాభము అబద్ధమునకు గట్టిన వెలయే. షేరుబజారులను నియంత్రించు సెబీ 2014 జూలైలో నీ తర్కమునే యనుసరించి, ముఖ్యులైన వారిని పదునాలుగు సంవత్సరములు షేరుబజారునకు దూరముగా నుండుమనియు, 1,849 కోట్ల అక్రమలాభమును వడ్డీతో గూడ తిరిగి యిమ్మనియు ఆజ్ఞాపించెను. తరువాతి విచారణలలో ఆ మొత్తము మాఱినది. కాని ముట్టుకొనని రూపాయి గూడ అక్రమార్జితము కావచ్చునను పాఠము మన కది నేర్పినది.

పాలకవర్గమున నెవ్వరికిని ఈ సంగతి తెలియదని లేఖ చెప్పిన మఱియొక మాట. తెలియదనుటను మేము కాదనము. అయితే తెలియకపోవుట గుణమా యని ప్రశ్నింతుము. ఆ వర్గమున హార్వర్డు ఆచార్యు డొకరు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఒకరు, భారతప్రభుత్వపు మాజీ కాబినెట్ కార్యదర్శి యొకరు ఉండిరి. విద్యలో గాని, అనుభవములో గాని కొఱత లేదు. ప్రసిద్ధమైన ప్రైస్ వాటర్‌హౌస్ వారు ఆడిటర్లు. 5,000 కోట్ల నిల్వ గల సంస్థ వడ్డీకి అప్పు తెచ్చుట యేల, ఇంత నగదు ఏ బ్యాంకిలో నే పేర నున్నది యని నేరుగా బ్యాంకివారినే యడిగి తెలిసికొనుట కష్టమైన పని కాదు. 2015 ఏప్రిల్ 9వ తేదీని హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము అధ్యక్షులతో గూడ పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల కారాగారశిక్ష విధించెను. దోషులలో ఆడిటర్లును ఉండిరి. మఱుసటి నెలలో పైకోర్టు అప్పీలు నిమిత్తము శిక్షను నిలిపి జామీను మంజూరు చేసినదనియు ఇచ్చటనే చెప్పుట న్యాయము. పది చేతులు కలిసి చేసిన పని యని న్యాయస్థానము తేల్చిన దానిని, లేఖ ఒక్కని గుండె బరువుగా వర్ణించినది.

ఈ సందర్భమున మాకు శూద్రకుని మృచ్ఛకటికమునందలి చారుదత్తుడు స్మరణకు వచ్చుచున్నాడు. వసంతసేన తన నగలను ఆయన యింట నిక్షేపముగా నుంచెను. రాత్రి శర్విలకుడు గోడకు కన్నము వేసి వానిని దొంగిలించెను. ఇచ్చిన దెవరు, పుచ్చుకొన్న దెవరు, సాక్షి యెవరు, లేదని బొంకుదమని విదూషకుడు సలహా చెప్పెను. చారుదత్తుడు దరిద్రుడు, బొంకినచో పట్టువా రెవ్వరును లేరు. ఆయన బొంకలేదు. భార్య ధూత తన పుట్టినింటి రత్నావళిని తీసి యిచ్చెను. నగలకంటె వెలగల ఆ హారము వసంతసేనకు పంపబడెను. ఇచ్చట నొక విశేషమున్నది. చారుదత్తుడును ఒక అబద్ధమాడెను: నగలను జూదమున నోడితినని కబురంపెను. తన పరువు తగ్గించుకొను అబద్ధ మది. నిక్షేపమును పూర్తిగా తీర్చుటకు తోడైన అబద్ధము. పరువు పెంచుకొనుటకు నిక్షేపమును లేకుండ చేయు అబద్ధమునకును దీనికిని గల దూరమును గుర్తింపగలిగినచో, వ్యాపారనీతిని గూర్చి పెద్ద గ్రంథములు చదువ నక్కఱలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ధనాగారపు సొమ్ము అపహరించుటకు నలువది మార్గములు లెక్కింపబడినవి; రాని దానిని వచ్చినట్లు వ్రాయుట వానిలో నొకటి. ఇది పాశ్చాత్యులనుండి మనకు సోకిన క్రొత్త జాడ్య మనువారు ఆ ప్రకరణమును చదివి చూతురు గాక.

అన్నము పెట్టిన మాట మిగిలియున్నది. దీనిని తేలికగా త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. 2005 ఆగస్టులో హైదరాబాదున ఆరంభమైన 108 అంబులెన్సు సేవ ఆ వ్యవస్థాపకుల చొరవవలననే పుట్టినది. నడిరాత్రి పురిటినొప్పులు వచ్చిన స్త్రీని, దారిలో ప్రమాదమునకు లోనైన బాటసారిని ఆ బండ్లు ఆసుపత్రికి చేర్చిన సంగతి పల్లెపల్లెకు తెలియును. దానివలన బ్రదికినవారి కృతజ్ఞత నిజము. దానిని మేము ఖండింపము. కాని ఆలోచింపవలసిన విషయ మున్నది. సంస్థ కూలిన దినమున ఆ సేవయు ఊగులాడినది. 2009లో మఱియొక సంస్థ చేపట్టగా గదా నిలిచినది! అబద్ధపు పునాదిపై కట్టిన సత్రము, అందు నిదురించువారికే మొదట ప్రమాదకరము. దాత చేయి చూచి లెక్క అడుగుట మానుట మన సమాజమున బహుకాలముగా నున్న బలహీనత. గుడి కట్టించినవాని తూనికరాళ్లను పరీక్షింపము. బడికి గదులు కట్టించినవాని వడ్డీలెక్క చూడము. దానము ఒక ఖాతా, న్యాయము వేఱొక ఖాతా. ఒకదానిలోని జమను రెండవదానిలోని బాకీకి చెల్లుగా వ్రాయరాదు.

ఈ పతనముతో మేల్కొని చట్టము మాఱినది. 2013 నాటి కంపెనీల చట్టము ఆడిటర్లను నియతకాలమునకు మార్చవలెనని విధించెను; స్వతంత్ర డైరెక్టర్ల ధర్మములను పేర్కొనెను; మోసపోయిన వాటాదారులు కూడి దావా వేయుటకు మార్గము చూపెను; పెద్ద కంపెనీలు లాభమున నూటికి రెండు వంతులు లోకహితమునకు వెచ్చింపవలెననియు చెప్పెను. 2018లో ఆడిటర్లపై విచారణ జరుపుటకు ప్రత్యేకాధికార సంస్థ యొకటి యేర్పడెను. ఇవి మంచివే. కాని పురస్కారము పొందిన సంస్థయందే యీ మోసము జరిగెననుట మఱువరాదు. నియమములన్నియు కాగితముపై నెరవేఱినవి. అడుగవలసిన ప్రశ్న మాత్రము అడుగబడలేదు. చట్టము కుర్చీ వేయగలదు; కూర్చున్నవాని నోట ప్రశ్నను పుట్టింపజాలదు.

ప్రశ్న పుట్టవలసినది ఇండ్లలోను, ఊళ్లలోను. మా కడప సీమలో నిందుకు పాఠము లేకపోలేదు. చెన్నూరి తమలపాకుల తోటవాడు కట్టలు లెక్కించి యిచ్చును, కొనువాడు అతని యెదుటనే మరల లెక్కించుకొనును, ఇద్దఱును నొచ్చుకొనరు. ప్రొద్దుటూరి బంగారపు టంగడిలో తూకము కొనువాని కన్నుల యెదుట జరుగును. చూపుమనుట అంగడివానికి అవమానము కాదు. రూపాయి వ్యాపారమున నిట్టి మర్యాద యున్నది. వ్యవహారము పెద్దదై, యజమాని పేరు పెద్దదై, వేదికమీద పూలదండలు పడిన పిమ్మట అదే ప్రశ్న అమర్యాద యగుట యెట్లు? చీటీపాట నడపు పెద్దమనిషిని జమాఖర్చు చూపుమనుటకును, సహకారసంఘపు సభలో లేచి నిల్వ యేదనుటకును, బడి నిధి లెక్క గోడకు అంటింపుమనుటకును మనము సంకోచింతుము. “నామీద నమ్మకము లేదా?” అని యతడు చిన్నబుచ్చుకొనునని భయము. అతడు చిన్నబుచ్చుకొన్నచో, ఆ ప్రశ్న మఱింత అవసరమని యెఱుగవలెను.

మా పాఠకులలో పలువురి యిండ్లలో నేడు షేర్లు కలవు, బీమాపత్రములు కలవు, పిల్లలు పెద్ద సంస్థలలో కొలువు చేయుచున్నారు. సంవత్సరమున కొకమాఱు ఆ సంస్థలు పంపు లెక్కలను చదువుట కష్టమని ప్రక్కన పెట్టకుడు. శబ్దార్థములు తెలియని పద్యమునకు నిఘంటువు చూచినట్లే, తెలియని పద్దునకు తెలిసినవారి నడిగి చూడుడు. నగదు ఎక్కడ నున్నది, అప్పు ఎవరి కున్నది, యజమాని బంధువులతో ఏ క్రయవిక్రయములు జరిగినవి యను మూడు ప్రశ్నలతో మొదలు పెట్టవచ్చును. ఇంటిలోని బాలుడు ఈ లేఖను గూర్చి యెప్పుడైన నడిగినచో, పులికథ చెప్పి ఊరకొనక, ఆ 588 కోట్ల తీసివేతను వానిచేత పలకపై చేయింపుడు. కర్త యెవరని పిమ్మట నడుగుడు.